ధాత కరువు కాలపు చైనా: మూలాధారాలు వెతికే దారి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చరిత్రలో ఎం.ఏ. చేసి డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. మా అవ్వ, తన అవ్వ దగ్గర విన్న ధాత కరువు కథలు మాకు చెప్పేది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఉత్తర చైనాలోనూ ఘోరమైన క్షామం వచ్చిందని ఈమధ్య చదివాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశోధించాలని ఉంది. మన వైపు కాగితాలు ఎక్కడున్నాయో తెలుసు. చైనా వైపు మూలాధారాలు ఎక్కడ దొరుకుతాయో, చైనీస్ రాని నేను వాటి దగ్గరికి ఎలా చేరాలో తెలియడం లేదు. నాకు దొరికినవన్నీ ఇటీవల ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలే. దారి చూపగలరా?

సమాధానం: మీరు ఎంచుకున్న విషయం చాలా మంచిది. 1876–78 నాటి బలమైన ఎల్ నీన్యో కారణంగా అటు ఉత్తర చైనాలోనూ ఇటు దక్కనులోనూ వానలు ముఖం చాటేశాయి కాబట్టి, ఈ రెండు కరువులను పోల్చడానికి పైపై పోలిక కంటే గట్టి ఆధారమే ఉంది. పేరులో కూడా ఒక చుట్టరికం కనిపిస్తుంది. మనవాళ్ళు సంవత్సరం పేరుతో ధాత కరువు అన్నట్టే, చైనీయులు 1877కు వచ్చే ‘దింగ్‌ఛౌ’, 1878కి వచ్చే ‘ఊయిన్’ అనే సంవత్సర నామాల మొదటి అక్షరాలను కలిపి దానిని ‘దింగ్–ఊ’ క్షామం అన్నారు. వారిదీ మనలాగే అరవై సంవత్సరాల చక్రమే; అయితే మన ప్రభవ 1867లో వస్తే వారి చక్రం 1864లోనే మొదలైంది. షాన్‌సీ, హెనాన్, షాన్‌డాంగ్, జిలీ, షెన్‌సీ రాష్ట్రాలను పట్టి పీడించిన ఆ కరువులో 90 లక్షల నుంచి కోటి 30 లక్షల మంది చనిపోయారని సాధారణంగా చెబుతారు. మీరు చదివిన పుస్తకాల్లోనూ ఆ అంకె ఉండే ఉంటుంది. దానిని ఎవరు, ఎప్పుడు, దేనిని బట్టి చెప్పారో ఒక్కొక్క అధస్సూచికను పట్టుకుని వెనక్కి వెళ్ళి చూడడాన్ని మీ మొదటి అభ్యాసంగా పెట్టుకోండి. ఇటీవలి పుస్తకాలే దొరికాయని మీరు నిరాశపడ్డారు గాని, వాటిని వాడుకోవలసిన తీరు అదే.

చైనా చరిత్రకు, ముఖ్యంగా ఈ కరువు నాటికి ఏలుతున్న చింగ్ రాజవంశపు కాలానికి (1644–1912), ఆధారాల కొరత లేదు. చిక్కంతా అవి పొరలు పొరలుగా ఉండడంలో ఉంది. ఒకే సంగతి నాలుగైదు రూపాల్లో మిగిలి ఉంటుంది, ఒక్కొక్క రూపం మరొకరి చేతిలో కుదించబడి వస్తుంది. అందువల్ల ‘ఆధారం ఎక్కడ దొరుకుతుంది’ అని అడిగే ముందు, ఆ సమయంలో కుంచె ఎవరి చేతిలో ఉంది, ఎవరు చదవాలని రాశారు అని అడగాలని నా అభిప్రాయం. ఒక్క కాగితం ప్రయాణాన్ని వివరిస్తే ఇది తేటపడుతుంది.

1877లో షాన్‌సీ రాష్ట్రపాలకుడు జెంగ్ గ్వోచ్యువాన్. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చెలరేగిన తైపింగ్ తిరుగుబాటును అణచిన జెంగ్ గ్వోఫాన్‌కు ఇతడు తమ్ముడు. తన రాష్ట్రంలో పంటలు పోయాయని, పన్ను మాఫీ కావాలని, ధాన్యం పంపాలని అతడు రాజధానికి విజ్ఞప్తి పత్రం రాస్తాడు. ఈ పత్రాన్ని ‘జౌజె’ అంటారు. అది అంచె గుర్రాల మీద బీజింగ్ చేరుతుంది. పాత చక్రవర్తుల కాలంలో అయితే చక్రవర్తి స్వయంగా ఎర్రసిరాతో దాని మీద తన మాట రాసేవాడు. కాని 1877లో గ్వాంగ్‌షూ చక్రవర్తి ఇంకా చిన్నపిల్లవాడు, పాలన ఇద్దరు రాజమాతల చేతిలో ఉంది. అందుకే ఆ సంవత్సరాల పత్రాల మీద కనిపించే ఆజ్ఞ చక్రవర్తి చేతిరాత కాదు, ఆస్థానంలోని అత్యున్నత మంత్రుల సభ అయిన మహామండలి సభ్యులు ‘ఆజ్ఞ అందుకొని’ రాసినది. ఎర్రసిరా వ్యాఖ్య అనగానే చక్రవర్తి మనసు తెలిసిపోయిందని రాసేసే తొందరపాటు ఈ ఒక్క వివరంతో తప్పుతుంది.

మహామండలి ఆ పత్రానికి ఒక నకలు తీసి తన దగ్గర ఉంచుకుంటుంది. దీనిని ‘లూఫు’ అంటారు. అసలు పత్రం ఆజ్ఞతో సహా పాలకుడి దగ్గరికి తిరిగి వెళుతుంది, అతడు చదువుకున్నాక మళ్ళీ రాజభవనానికి అప్పగించాలి. యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1722లో గద్దె ఎక్కగానే పెట్టిన నియమం ఇది. చరిత్రకారులు ఆయనకు ఎంతైనా రుణపడి ఉన్నారు, ఎందుకంటే ఆ నియమం లేకపోతే ఈ కాగితాలు రాష్ట్రాల్లో చెల్లాచెదురై చెదల పాలయ్యేవి. మరోవైపు, బయటికి తెలియవచ్చునని ఆస్థానం అనుకున్న పత్రాలు ‘జింగ్‌బావ్’ అనే రాజధాని వార్తాపత్రంలో అచ్చవుతాయి. చక్రవర్తి 1908లో చనిపోయాక ఉద్యోగులు ఆయన పాలనాకాలపు కాగితాలన్నీ ముందేసుకుని, రోజువారీగా కుదించి ‘షిలూ’ అనే పాలనా వృత్తాంతం తయారుచేస్తారు. చివరగా, రాజవంశం పోయాక 1914లో మొదలై 1927–28లో హడావుడిగా అచ్చయిన ‘చింగ్ చరిత్ర ముసాయిదా’లో ఆ సంగతి ఒకటి రెండు వాక్యాలుగా మిగులుతుంది.

చాలామంది కొత్త పరిశోధకులు ఈ నిచ్చెన చివరి మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే షిలూ గాని, ముసాయిదా గాని చక్కగా అచ్చయి, అంతర్జాలంలో వెతకడానికి వీలుగా ఉంటాయి. అవి పనికిరావని నేను అనడం లేదు. ఏ నెలలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి షిలూ కంటే మంచి దిక్సూచి లేదు. కాని అది ఆజ్ఞను ఉంచి, ఆ ఆజ్ఞకు కారణమైన ఊరి వర్ణనను సాధారణంగా వదిలేస్తుంది. మీకు కావలసింది ఆ వదిలేసిన భాగమే. కనీసం రెండు మెట్ల మీద అదే పత్రాన్ని చూసి, తరువాతి మెట్టులో ఏది జారిపోయిందో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక ఆ కాగితాలు ఉన్న చోట్లు. బీజింగ్‌లోని మొదటి చారిత్రక అభిలేఖాగారంలో చింగ్‌కు, దానికి ముందు ఏలిన మింగ్ వంశానికి చెందిన పత్రాలు కోటికి పైగా ఉన్నాయి, వాటిలో దాదాపు అన్నీ చింగ్ కాలానివే. చైనా అంతర్యుద్ధం చివరలో, 1948–49లో, ఓడల్లో తైవాన్‌కు తరలించిన సుమారు 4 లక్షల పత్రాలు తైపేలోని జాతీయ రాజభవన ప్రదర్శనశాలలో ఉన్నాయి. అక్కడే అకాడెమియా సినికా అనే పరిశోధన సంస్థలో 3 లక్షలకు పైగా సచివాలయ పత్రాలు ఉన్నాయి. ఆ సచివాలయ కాగితాల కథ వింటే ఏ చరిత్ర విద్యార్థికైనా గుండె ఝల్లుమంటుంది. 1921లో, బీజింగ్‌లో వాటిని భద్రపరచవలసిన చరిత్ర ప్రదర్శనశాలే, డబ్బు లేక, సుమారు 8,000 గోనెసంచుల కాగితాన్ని పాత కాగితాల వ్యాపారికి 4,000 యువాన్లకు అమ్మేసింది. వాటిని మళ్ళీ గుజ్జు చేసి కాగితం తయారుచేద్దామనుకుంటున్న సమయంలో లువో జెన్‌యూ అనే పండితుడు సంగతి తెలుసుకుని మూడు రెట్ల ధర ఇచ్చి కొన్నాడు. చేతులు మారి మారి 1929లో అవి అకాడెమియా సినికాకు చేరాయి. ‘ఈ విషయం మీద పత్రం లేదు’ అని రాయబోయే ముందు ఈ గోనెసంచులను గుర్తు చేసుకోండి.

బీజింగ్, తైపే వెళ్ళనిదే పని జరగదని భయపడనక్కర్లేదు. గ్వాంగ్‌షూ కాలపు విజ్ఞప్తి పత్రాలను బీజింగ్ అభిలేఖాగారం విషయాల వారీగా విడదీసి 1995–96లో 120 సంపుటాలుగా అచ్చువేసింది. తైపే ప్రదర్శనశాల తన దగ్గరున్నవాటిని అంతకు ముందే, 1970లలో, 26 సంపుటాలుగా తెచ్చింది. చేతిరాత పత్రాలకు తీసిన ఛాయాచిత్రాలే వీటిలో ఉంటాయి కాబట్టి మూలాన్ని చూసినట్టే. మీకు అందుబాటులో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారా అంతర్ గ్రంథాలయ సేవలో ప్రయత్నించండి. మన దేశంలో చైనీస్ పుస్తకాల కోసం మొదట తట్టవలసిన తలుపు శాంతినికేతన్‌లో 1937లో వెలసిన చీనా భవన్‌ది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు చైనా అధ్యయన విభాగం వారు కూడా దారి చెప్పగలరు.

చైనీస్ రాకుండానే రేపు ఉదయం మొదలుపెట్టగలిగిన పని ఒకటి ఉంది. షాంఘైలో వెలువడిన ‘నార్త్ చైనా హెరాల్డ్’ అనే ఇంగ్లీషు వారపత్రిక, ఇంతకు ముందు చెప్పిన జింగ్‌బావ్‌ను 1870ల నుంచి ఇంగ్లీషులోకి అనువదించి, ఏటా ఒక సంపుటంగా కూర్చి అచ్చువేసింది. 1877, 1878 సంపుటాల్లో కరువు రాష్ట్రాల పాలకుల విజ్ఞప్తులు, వాటికి వచ్చిన ఆజ్ఞలు తేదీలతో సహా ఉన్నాయి. అనువాదకులు కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని సారాంశంగా ఇచ్చారు. ఏది సారాంశమో గమనించి గుర్తు పెట్టుకోండి. ఇవి, మిషనరీల జ్ఞాపకాలు, బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన నివేదికలు అంతర్జాలంలోని ఉచిత గ్రంథాలయాల్లో వెతకదగినవి.

రెండో పుస్తకం దీనికంటే నాకు ఇష్టమైనది. సూజౌ నగరానికి చెందిన షియె జియాఫు అనే దాత, హెనాన్ కరువు దృశ్యాలను పన్నెండు చెక్కబొమ్మలుగా, వాటి పక్కన వ్యాఖ్యతో, చందాలు పోగుచేయడానికి 1878లో అచ్చువేయించాడు. ఇనుప మనిషి చేత కూడా కన్నీరు పెట్టించే బొమ్మలని దాని పేరుకు అర్థం. అదే సంవత్సరం లండన్‌లోని సహాయక సంఘం ఆ చిత్రాలను, ఆక్స్‌ఫర్డ్‌లో చైనీస్ ఆచార్యుడిగా ఉన్న జేమ్స్ లెగ్ అనువాదంతో ప్రచురించింది. ఇల్లు పీకి కట్టెలు అమ్ముకోవడం, పిల్లలను అమ్ముకోవడం, చెట్టు బెరడు తినడం మొదలైనవి చైనా కళాకారుడు ఏ వరుసలో పెట్టాడో చూడండి. తరువాత అదే కాలంలో మద్రాసు రాజధానిలో తీసిన కరువు ఛాయాచిత్రాలను పక్కన పెట్టండి. ఒకటి దానం చేయగల పొరుగు రాష్ట్రపు ధనికుడి మనసు కరిగించడానికి గీసినది, మరొకటి ఒక పరాయి కెమెరా చూసినది. మీ పరిశోధనలో ఒక అధ్యాయం అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంగ్లీషు ఆధారాల విషయంలో ఒక్క జాగ్రత్త. షాన్‌సీలో సహాయం పంచిన వేల్స్ దేశపు బాప్టిస్టు మిషనరీ తిమోతీ రిచర్డ్ రాతలు ఎవరినైనా కదిలిస్తాయి, వాటిని తప్పక చదవండి. ఆయన సంఘపు కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆంగస్ గ్రంథాలయంలో ఉన్నాయి, మరికొన్ని మిషనరీ సంఘాలవి లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. బ్రిటిష్ రాయబార కార్యాలయపు ఉత్తరాలు లండన్ క్యూ ప్రాంతంలోని జాతీయ అభిలేఖాగారంలో ఎఫ్.ఓ. (విదేశాంగ శాఖ) 17, ఎఫ్.ఓ. 228 వరుసల్లో దొరుకుతాయి. అయితే నల్లమందు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆగి, ఈ మాట ఎవరికి లాభమో ఆలోచించండి. ధాన్యం పండవలసిన భూమిలో గసగసాలు వేయడమే షాన్‌సీ కొంప ముంచిందని జెంగ్ గ్వోచ్యువాన్ రాశాడు. నల్లమందు వ్యాపారాన్ని వ్యతిరేకించే మిషనరీలకు ఆ మాట బాగా నచ్చింది. ఆ వ్యాపారం మీద ఆదాయం పొందుతున్న బ్రిటిష్ భారత ప్రభుత్వపు ఉద్యోగులకు అది అంతగా నచ్చే మాట కాదు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడకపోవచ్చు, కాని ముగ్గురికీ చెప్పుకోవలసిన అవసరాలు వేరు. పాలకుడి మాటనూ అలాగే తూచాలి: కరువు తీవ్రతను గట్టిగా చెబితేనే అతడికి మాఫీ వస్తుంది, ధాన్యాగారాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో వివరించుకోవలసిన బరువూ అతడి మీదే ఉంది.

రాజధాని నుంచి కిందికి దిగితే చైనా చరిత్రకే ప్రత్యేకమైన ఒక సంపద ఉంది. ప్రతి రాష్ట్రానికీ, జిల్లాకూ, చాలాచోట్ల తాలూకా స్థాయి వరకూ స్థానిక పండితులు తయారుచేసిన ‘దిఫాంగ్‌జి’ అనే స్థల చరిత్రలవి. మన కైఫీయతులను, బ్రిటిషువారి జిల్లా మాన్యువల్‌ను కలిపితే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటాయి. 1949కు ముందువి 8,000కు పైగా మిగిలాయి. వాటిలో శుభాశుభ సూచనలనే పేరుతో ఒక విభాగం ఉంటుంది. వరదలు, మిడతలు, కరువులు, ధాన్యం ధరలు సాధారణంగా అందులో చేరతాయి. పతివ్రతల జాబితాలో, దాతల జాబితాలో కూడా కరువు సంవత్సరపు జాడలు దొరుకుతాయి, అక్కడ వెతకడం మరిచిపోవద్దు. కాని గ్వాంగ్‌షూ కాలపు షాన్‌సీ రాష్ట్ర స్థల చరిత్ర 1892లో అచ్చయితే, దానిని తలపెట్టిన పెద్ద ఎవరనుకున్నారు? కరువు సహాయాన్ని నడిపిన ఆ జెంగ్ గ్వోచ్యువానే. అది తెలిశాక ఆ పుస్తకంలోని సహాయక చర్యల అధ్యాయాన్ని మీరు మునుపటిలా చదవలేరు. రాష్ట్ర స్థాయి పుస్తకం కంటే, చిన్న జిల్లాల పుస్తకాలు, దక్షిణ షాన్‌సీ గ్రామాల్లో బతికి బయటపడినవారు ధాన్యం ధరలతో సహా చెక్కించుకున్న రాతి శాసనాలు ఈ విషయంలో ఎక్కువ నిజాయితీగా అనిపిస్తాయి. ఆ ధరలను మన ధరలతో పోల్చే ముందు కొలతలను సరిచూసుకోండి. ధాన్యపు కొలమానాలు అక్కడ ఊరికొక రకంగా ఉండేవి.

షాంఘైలో 1872లో మొదలైన చైనీస్ దినపత్రిక ‘షెన్‌బావ్’ను కూడా లెక్కలోకి తీసుకోండి. దాని యజమాని ఎర్నెస్ట్ మేజర్ అనే బ్రిటిష్ వ్యాపారి, పాఠకులు దక్షిణాది పట్టణవాసులు. కరువు చందాల ఉద్యమానికి అది గొంతుగా నిలిచింది. అయితే ఇది చైనీస్ వచ్చాక చేయవలసిన పని.

వెతుకులాటలో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ విసిగించేవి పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో చైనీస్ పేర్లు రాసే పాత పద్ధతి వేరు, ఇప్పటి పిన్‌యిన్ పద్ధతి వేరు. పక్కపక్కనే ఉన్న రెండు కరువు రాష్ట్రాలను పాతకాలంలో షాన్‌సీ, షెన్‌సీ అని వేరుగా రాసేవారు. పిన్‌యిన్‌లో రెండూ ఒకేలా రావడంతో పడమటి రాష్ట్రం పేరులో ఒక ‘ఏ’ అక్షరం అదనంగా చేర్చి తేడా చూపుతున్నారు. ఆ అక్షరం జారిందంటే మీరు పొరుగు రాష్ట్రపు కాగితాలు చదువుతున్నట్టే. మనుషుల పేర్లు మరీ చిక్కు. ఒక పెద్దమనిషికి పుట్టు పేరు, వ్యవహార నామం, బిరుదు, చనిపోయాక చక్రవర్తి ఇచ్చిన గౌరవనామం ఉంటాయి. జెంగ్ గ్వోచ్యువాన్ విజ్ఞప్తుల సంకలనం ‘జోంగ్‌షియాంగ్’ అనే ఆయన మరణానంతర నామంతో అచ్చయింది, ఆనాటి జిలీ పాలకుడు లీ హాంగ్‌జాంగ్‌ది ‘వెన్‌జోంగ్’ పేరుతో వచ్చింది. పుట్టు పేరుతో మాత్రమే వెతికినవారు పాత గ్రంథసూచికల్లో ఏమీ లేదనుకుని వెనుదిరుగుతారు. హార్వర్డ్, పెకింగ్ విశ్వవిద్యాలయాలు, అకాడెమియా సినికా కలిసి ఉచితంగా నడిపే చైనా జీవిత చరిత్రల దత్తాంశ నిధిలో ఒక పేరు కొడితే మిగిలిన పేర్లు కూడా కనిపిస్తాయి. మొదట అక్కడ చూసుకోండి.

తేదీల విషయంలో తెలుగువారికి సౌలభ్యం ఉంది, ప్రమాదమూ ఉంది. పంచాంగం తెలిసిన మీకు చాంద్రమాసం, అధికమాసం వింత కాదు. కాని మనం అధికమాసాన్ని నిజమాసానికి ముందు లెక్కిస్తాం, చైనీయులు తరువాత లెక్కిస్తారు. 1876లో, అంటే గ్వాంగ్‌షూ రెండో సంవత్సరంలో, వారికి అయిదో నెల అయ్యాక అధిక అయిదో నెల వచ్చింది. అక్కడ మన అలవాటు ప్రకారం లెక్కవేస్తే ఒక నెల తేడా వస్తుంది, ఆజ్ఞ విజ్ఞప్తికంటే ముందే వెలువడినట్టు తేలుతుంది! అకాడెమియా సినికా వారి తేదీల మార్పిడి సాధనం అంతర్జాలంలో ఉంది, ప్రతి తేదీనీ దానిలో సరిచూసుకోండి.

ఇక భాష. నిర్మొహమాటంగా చెప్పాలంటే, అనువాదాలతో ఒక మంచి వ్యాసం రాయవచ్చు గాని, డాక్టరేట్ పరిశోధన చేయలేరు. ఆనాటి పత్రాలు ఇప్పటి వ్యావహారిక చైనీస్‌లో కాక, విరామ చిహ్నాలు లేని గ్రాంథిక చైనీస్‌లో ఉంటాయి. యంత్రానువాదం వీటి దగ్గర తడబడుతుంది, తడబడినట్టు కనిపించకుండా తడబడుతుంది, అదే దానితో పెద్ద ప్రమాదం. ఊరట ఏమిటంటే, అధికార పత్రాల భాష మూసలో పోసినట్టు ఉంటుంది. ఆరంభ వాక్యం, పై ఉత్తరాన్ని ఉటంకించే పద్ధతి, ముగింపు ప్రార్థన ప్రతి పత్రంలోనూ అవే. మన పాత రెవెన్యూ దస్తావేజులు నాలుగు చదివినవారికి అయిదోది సులువైనట్టే ఇదీ. రెండేళ్ళు ఆధునిక చైనీస్, ఆ పైన ఒక ఏడాది గ్రాంథికం గట్టిగా చదివితే పెద్ద నిఘంటువు పక్కన పెట్టుకుని పత్రం చదవగలరు. ఈలోగా చైనా చరిత్ర ఆధారాలన్నిటికీ దారి చూపే ఎండిమియన్ విల్కిన్సన్ గ్రంథాన్ని గ్రంథాలయంలో తెరిచి, మీకు కావలసిన అధ్యాయం మాత్రం చదవండి. మొదటి పుట నుంచి చదవబోతే పదవీ విరమణ దాకా పడుతుంది.

ప్రస్తుతానికి ఒక పని చేయండి. 1877, 1878 జింగ్‌బావ్ అనువాద సంపుటాల్లో షాన్‌సీ నుంచి వచ్చిన ప్రతి విజ్ఞప్తికీ ఒక వరుస కేటాయించి పట్టిక వేయండి: రెండు పంచాంగాల్లోనూ తేదీ, రాసినవారు, అడిగినది, దొరికినది. దాని పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి, 120 సంపుటాల్లో అదే పత్రం కనిపించినప్పుడు సంపుటం, పుట సంఖ్య నింపడానికి. ఇరవై వరుసలు నిండాక ఆ పట్టికతో మళ్ళీ ఉత్తరం రాయండి. ఏ జిల్లా స్థల చరిత్రతో మొదలుపెట్టాలో దానిని చూసి చెబుతాను.